గాలిలో అనునాదం: వాయువులు తరంగాలకు స్పందించే తీరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే మోత, బిందె నిండుతున్న కొద్దీ హెచ్చే శబ్దం, పిల్లనగ్రోవి స్వరం, రాకెట్ ఇంజన్‌ను బద్దలు కొట్టగల కంపనం, బారోమీటరులో రోజుకు రెండుసార్లు కనిపించే పోటు, వీటన్నిటిలోనూ ఉన్నవి మూడే: ఒక వాయువు, దాని గుండా సాగే ఒక తరంగం, ఆ తరంగాన్ని వెనక్కి మళ్లించే కొన్ని హద్దులు. ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులూ, ఉపాధ్యాయులూ, సంగీతంలో అభిరుచి ఉన్నవారూ ఈ విషయంపై తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఉన్నాయి. సూత్రాలను మాటల్లోనే చెప్పి, అవసరమైన చోట అంకెలు ఇచ్చాము.

1. గాలిలో అనునాదం ఎలా ఏర్పడుతుంది?

ధ్వని గాలిలో సంపీడనాలు (గాలి నొక్కుకుని చిక్కబడిన చోట్లు), విరళీకరణాల (గాలి పలచబడిన చోట్ల) వరుసగా సాగుతుంది. ధ్వనితో పాటు గాలి తరలిపోదు. గాలిలోని ప్రతి చిన్న భాగమూ తానున్న చోటనే, తరంగం పోయే దిశలో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మామూలు సంభాషణలో వినిపించే 1,000 హెర్ట్జ్ (సెకనుకు 1,000 కంపనాలు) ధ్వనికి ఈ ఊపు మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు మాత్రమే, పీడనంలో వచ్చే మార్పు వాతావరణ పీడనంలో ముప్ఫై నలభై లక్షల వంతుల్లో ఒకటి. ఇంత బలహీనమైన కదలికను పదింతలు, వందింతలు పెంచగలిగేది అనునాదం.

గొట్టంలోనో, గదిలోనో తరంగం హద్దును తాకి వెనక్కి మళ్లుతుంది. అలా ఒక చుట్టు తిరిగి వచ్చిన తరంగం, మూలం నుంచి కొత్త తరంగం బయలుదేరే దశలోనే అక్కడికి చేరుకుంటే రెండూ తోడవుతాయి. చుట్టు చుట్టుకూ శక్తి పోగవుతూ, గోడల దగ్గర రాపిడి వల్ల, వేడి రూపంలో, తెరిచిన మూతి గుండా బయటికి పోయే ధ్వని వల్ల కలిగే నష్టం లోపలికి వచ్చే శక్తికి సమానమయ్యే వరకూ కంపన పరిమితి పెరుగుతుంది. ఆ స్థితిలో గొట్టంలో స్థిర తరంగం నిలుస్తుంది: కొన్ని చోట్ల గాలి కదలక పీడనం మాత్రమే మారుతూ ఉంటుంది, అవి అస్పందన స్థానాలు, కొన్ని చోట్ల పీడనం దాదాపు మారక గాలి గరిష్ఠంగా ఊగుతుంది, అవి ప్రస్పందన స్థానాలు. గాలి కదలిక ఎక్కువైన చోట పీడనం మార్పు తక్కువ అనే ఈ తలకిందుల సంబంధం పరీక్షల్లో చాలామందిని తికమక పెడుతుంది గనుక ఇక్కడే గట్టిగా పట్టుకోవడం మంచిది.

2. గాలికి, లేదా ఏ వాయువుకైనా, సొంత సహజ పౌనఃపున్యం ఉంటుందా?

వినికిడి ధ్వనుల మేరకు ఉండదు. ఈ విషయంలో ఉన్న అపోహల్లో సగం ఈ ఒక్క సమాధానంతో తీరిపోతాయి. శృతిదండానికి దాని ఆకారం, లోహం కలిసి ఒక పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్యను, ఖాయం చేస్తాయి. హద్దులు లేని గాలికి అలాంటి ఆకారం లేదు కాబట్టి 100 హెర్ట్జ్ తరంగాన్నీ, 5,000 హెర్ట్జ్ తరంగాన్నీ దాదాపు ఒకే వేగంతో మోసుకుపోతుంది, దేన్నీ ప్రత్యేకంగా ఎన్నుకోదు. పౌనఃపున్యాన్ని ఎన్నుకునేది పాత్ర. వాయువు ఆ ఎంపికకు రెండు విషయాలను మాత్రమే అందిస్తుంది: ధ్వని వేగం, శక్తి నష్టం. ఒకే గొట్టంలో గాలి తీసి హైడ్రోజన్ నింపితే స్వరం దాదాపు నాలుగింతలు హెచ్చుతుంది, కార్బన్ డయాక్సైడ్ నింపితే తగ్గుతుంది. కాని ఆ స్వరం హైడ్రోజన్‌దీ కాదు, కార్బన్ డయాక్సైడ్‌దీ కాదు, ఆ వాయువు నిండిన ఆ గొట్టానిది. అందువల్ల ‘ఫలానా పౌనఃపున్యం గాలికి సహజమైనది, అది వింటే ఆరోగ్యం’ అనే ప్రచారానికి భౌతికశాస్త్రంలో ఆధారం లేదు.

అణువుల స్థాయిలో మాత్రం వాయువులకు సొంత పౌనఃపున్యాలు ఉన్నాయి. అవి ధ్వనికి కాదు, పరారుణ కాంతికి సంబంధించినవి. ఆ సంగతి 10వ ప్రశ్నలో చూడవచ్చు.

3. ధ్వని వేగాన్ని వాయువు ఎలా నిర్ణయిస్తుంది? న్యూటన్ లెక్క ఎందుకు తప్పింది?

తరంగ వేగం, వాయువు ఎంత గట్టిగా వెనక్కి నెట్టగలదు, ఎంత బరువుగా ఉంది అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. 1687లో వెలువడిన ప్రిన్సిపియాలో న్యూటన్ ఈ ఆలోచననే అనుసరించి, పీడనాన్ని సాంద్రతతో భాగించి వర్గమూలం తీసుకున్నాడు. నేటి విలువలతో ఆ లెక్క చేస్తే 0 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు 280 మీటర్లు వస్తుంది. కొలిచిన వేగం 331 మీటర్లు. సుమారు 15 శాతం తక్కువ వచ్చిన ఈ తేడాను ప్రయోగ దోషంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

1816లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లాప్లాస్ కారణం చెప్పాడు. గాలి సంపీడనమైన చోట వేడెక్కుతుంది, విరళమైన చోట చల్లబడుతుంది. వేడెక్కిన గాలి న్యూటన్ అనుకున్న దానికన్నా గట్టిగా వెనక్కి నెడుతుంది. అంటే మార్పు సమోష్ణోగ్రతా ప్రక్రియ (ఉష్ణోగ్రత మారనిది) కాదు, స్థిరోష్ణక ప్రక్రియ (వేడి బయటికి పోనిది, లోపలికి రానిది). కాబట్టి పీడనాన్ని రెండు విశిష్టోష్ణాల (వాయువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి, పీడనం మారకుండా ఉంచినప్పుడూ ఘనపరిమాణం మారకుండా ఉంచినప్పుడూ కావలసిన వేడి) నిష్పత్తితో గుణించాలి. గాలికి ఆ నిష్పత్తి 1.40, దాని వర్గమూలం 1.18, 280ని 1.18తో గుణిస్తే 331 వస్తుంది.

ఇక్కడ పాఠ్యపుస్తకాలు ‘కంపనాలు చాలా వేగంగా జరుగుతాయి కాబట్టి వేడి ప్రవహించడానికి సమయం చాలదు’ అని చెప్పి ముందుకు పోతాయి. ఆ మాట సగమే నిజం. పౌనఃపున్యం పెరిగితే సమయంతో పాటు తరంగదైర్ఘ్యం కూడా తగ్గుతుంది, అంటే వేడి ప్రయాణించవలసిన దూరమూ తగ్గుతుంది. నిజానికి స్వేచ్ఛా గాలిలో పౌనఃపున్యం తగ్గే కొద్దీ స్థిరోష్ణక ఊహ మరింత కచ్చితమవుతుంది. అసలు కారణం దూరాల తేడా: 500 హెర్ట్జ్ తరంగంలో వేడి ప్రదేశానికీ చల్లని ప్రదేశానికీ మధ్య సుమారు 34 సెంటీమీటర్లు ఉంటే, అర చక్రం జరిగే మిల్లీసెకనులో గాలిలో వేడి వ్యాపించగలిగేది మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతమే. గొట్టం గోడను ఆనుకుని ఉన్న అంతే మందం పొరలో మాత్రం వేడి గోడలోకి పోయి వస్తూ ఉంటుంది, అక్కడ కొంత శక్తి నష్టమవుతుంది. సన్నని గొట్టాల్లో అనునాదం మందకొడిగా ఉండటానికి ఇదొక కారణం.

4. పీడనం, ఉష్ణోగ్రత, తేమ మారితే ఏమవుతుంది?

పీడనం మారినంత మాత్రాన వేగం మారదు, ఎందుకంటే అదే ఉష్ణోగ్రతలో పీడనంతో పాటు సాంద్రత కూడా అదే నిష్పత్తిలో మారుతుంది. ఉష్ణోగ్రత ప్రభావం పెద్దది: ఒక్కో డిగ్రీకి వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది, 20 డిగ్రీల వద్ద 343, 30 వద్ద 349, 40 వద్ద 355 మీటర్ల దాకా ఉంటుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల వద్ద శ్రుతి చేసుకున్న వేణువును 35 డిగ్రీల ఆరుబయట వాయిస్తే శ్రుతి రెండున్నర శాతం, అంటే అర స్వరానికి సగం కన్నా కాస్త తక్కువ, హెచ్చుతుంది. తంత్రులు బిగుసుకుపోవు గనుక పక్కనున్న వీణ అదే దిశలో మారదు. తేమ ప్రభావం చాలా చిన్నది. నీటి ఆవిరి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కన్నా తేలిక కాబట్టి తేమ గాలిలో ధ్వని కొంచెం త్వరగా పోతుంది, అయితే ఆ తేడా మామూలుగా ఒక శాతం లోపే.

5. వేణువు ఒక కొసన మూసి ఉంటుంది కదా, దాన్ని తెరిచిన గొట్టం అని ఎందుకంటారు? నాదస్వరం సంగతేమిటి?

రెండు కొసలూ తెరిచిన గొట్టంలో, గొట్టం పొడవు అర తరంగదైర్ఘ్యానికి సమానమైనప్పుడు ప్రథమ స్వరం పుడుతుంది, దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇలా అన్ని అనుస్వరాలూ వస్తాయి. ఒక కొస మూసిన గొట్టంలో పొడవు పావు తరంగదైర్ఘ్యం అయితే చాలు, కాని బేసి అనుస్వరాలు మాత్రమే వస్తాయి. వేణువులో మూసిన కొస ఊదే రంధ్రానికి అవతల ఉంటుంది; ఊదే రంధ్రం పెదవులకు దగ్గరగా ఉన్నా బయటి గాలికి తెరిచే ఉంటుంది కాబట్టి ధ్వని దృష్టిలో అదే మొదటి కొస. అందుకే వేణువు రెండు వైపులా తెరిచిన గొట్టంలా ప్రవర్తిస్తుంది, బలంగా ఊదితే స్వరం సరిగ్గా పై స్థాయికి దూకుతుంది.

నాదస్వరం పరిస్థితి విచిత్రం. నోట్లో పెట్టుకునే పీక ఉన్న కొస ధ్వనికి మూసినట్టే లెక్క. అయినా బేసి అనుస్వరాలకు పరిమితం కాకుండా అన్నీ పలుకుతుంది. గొట్టం స్తూపంలా కాక శంఖువులా, పీక నుంచి అణసు (చివరి వెడల్పాటి మూతి) వైపు క్రమంగా వెడల్పవుతూ ఉండటమే కారణం. శంఖువు ఆకారంలో తరంగం కొసకు పోయే కొద్దీ చిక్కబడుతుంది, ఆ జ్యామితి వల్ల మూసిన శంఖువు అనుస్వరాల వరుస అంతే పొడవున్న తెరిచిన గొట్టం వరుసతో ఏకీభవిస్తుంది. సమానమైన మందం గల స్తూపాకార గొట్టం ఉన్న క్లారినెట్‌లో మాత్రం బేసి అనుస్వరాలే ప్రధానం.

6. సీసా మూతి మీద ఊదితే వచ్చే స్వరం సీసా ఎత్తును బట్టి ఉంటుందా?

ఉండదు, ఈ ప్రశ్నకు లెక్క వేసి చూడటమే సరైన జవాబు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న 750 మిల్లీలీటర్ల గాజు సీసాను మూసిన గొట్టంగా భావిస్తే సుమారు 285 హెర్ట్జ్ రావాలి. నిజంగా వినిపించేది 120 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, స్వరస్థాయి కంటే ఎక్కువ తేడా. ఇక్కడ తరంగం గొట్టం వెంట పరుగెత్తడం ముఖ్యం కాదు. మెడలో ఉన్న కొద్దిపాటి గాలి ఒక బరువు, బుడ్డిలో ఉన్న గాలి ఒక స్ప్రింగు. మెడలోని గాలి లోపలికి జరిగితే బుడ్డిలో పీడనం పెరిగి దాన్ని బయటికి తోస్తుంది, అది వేగం కొద్దీ హద్దు దాటి బయటికి పోతే లోపలి పీడనం తగ్గి మళ్లీ లాగుతుంది. 19వ శతాబ్దంలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఇలాంటి బోలు గోళాలను వేర్వేరు పరిమాణాల్లో తయారు చేయించి, ఒక్కోదాన్ని చెవికి ఆనించి, సంక్లిష్ట ధ్వనిలో ఏ స్వరాలు ఎంత ఉన్నాయో విడదీశాడు. అందుకే వాటికి ఆయన పేరు నిలిచింది.

మెడ వెడల్పయితే స్వరం హెచ్చుతుంది, మెడ పొడవైనా బుడ్డి పెద్దదైనా తగ్గుతుంది. సన్నమూతి బిందెను కుళాయి కింద పెడితే నీరు పెరిగే కొద్దీ లోపలి గాలి ఘనపరిమాణం తగ్గి స్వరం పైకి పోతుంది, చూడకుండానే బిందె నిండవచ్చిందని తెలియడం అందువల్లనే. వేగంగా పోయే కారులో ఒక్క వెనక కిటికీ దించితే చెవులు దడదడలాడటం కూడా ఇదే: కారు లోపలి గాలి స్ప్రింగు, కిటికీ మెడ, పౌనఃపున్యం వినికిడి దిగువ అంచున ఉంటుంది. మరో కిటికీ కాస్త దించితే ఆగిపోతుంది.

7. శంఖాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే సముద్రపు హోరు ఎందుకు వినిపిస్తుంది?

గదిలో ఎప్పుడూ ఉండే సన్నని చప్పుళ్ల నుంచి శంఖం లోపలి గాలి తనకు అనువైన పౌనఃపున్యాలను పెంచి వినిపిస్తుంది. చెవికి ఆనించిన ఖాళీ గ్లాసు కూడా ఆ పని చేస్తుంది. శబ్దాలను పూర్తిగా అడ్డుకున్న గదిలో శంఖం ఏమీ పలకదు. అన్నట్టు, మన చెవి రంధ్రం కూడా ఒక కొస మూసిన గొట్టమే. దాని పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, అనునాదం 3,400 హెర్ట్జ్ దగ్గర. మన వినికిడి అత్యంత సునిశితంగా ఉండే ప్రాంతం అదే.

8. హీలియం పీల్చినవారి గొంతు ఎందుకు మారుతుంది?

స్వరతంత్రులు త్వరగా కంపించడం వల్ల అని చాలామంది చెబుతారు, అది సరికాదు. స్వరతంత్రుల పౌనఃపున్యం వాటి బిగువు, బరువుల మీద ఆధారపడుతుంది, చుట్టూ ఉన్న వాయువు మీద కాదు, కాబట్టి అది పెద్దగా మారదు. మారేది గొంతు, నోటి కుహరాల అనునాదం. హీలియంలో ధ్వని వేగం 0 డిగ్రీల వద్ద సెకనుకు సుమారు 970 మీటర్లు. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలితో కలిశాక ఇంత ఉండదు, కాని 80 శాతం హీలియం, 20 శాతం ఆక్సిజన్ మిశ్రమంలో కూడా మామూలు గాలిలో కన్నా రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. దానితో కుహరాల అనునాద పౌనఃపున్యాలన్నీ పైకి జరిగి, అచ్చులను గుర్తుపట్టించే స్వరరూపం చెదిరి, మాట బాతు కూతలా వినిపిస్తుంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో వేగం సెకనుకు సుమారు 135 మీటర్లే, అందులో గొంతు బరువుగా మారుతుంది. వినోదం కోసం ఈ ప్రయోగం చేయకూడదు: స్వచ్ఛమైన హీలియం ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్‌ను తోసేస్తుంది, కొన్ని శ్వాసల్లోనే స్పృహ తప్పవచ్చు, సిలిండర్ నుంచి నేరుగా పీలిస్తే పీడనానికి ఊపిరితిత్తులు చిరగవచ్చు.

9. అనునాదం ద్వారా ఒక వాయువు స్వభావాన్ని కనిపెట్టవచ్చా?

కనిపెట్టవచ్చు. ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన అధ్యాయం ఇదేనని మా అభిప్రాయం. 1866లో ఆగస్ట్ కుంట్ అనే జర్మన్ శాస్త్రవేత్త పొడవాటి గాజు గొట్టంలో తేలికైన పొడి చల్లి, ఒక కొసన కడ్డీని రుద్ది కంపింపజేశాడు. స్థిర తరంగం ఏర్పడగానే పొడి అర తరంగదైర్ఘ్యం దూరాల్లో కుప్పలుగా చేరింది. ఆ దూరాన్ని స్కేలుతో కొలిచి పౌనఃపున్యంతో లెక్క కడితే ధ్వని వేగం, ధ్వని వేగం నుంచి విశిష్టోష్ణాల నిష్పత్తి తేలతాయి.

ఆ నిష్పత్తి వాయువు అణువులో ఎన్ని పరమాణువులు ఉన్నాయో సూచిస్తుంది. ఒక్క పరమాణువే ఉంటే శక్తి మూడు దిశల కదలికలోకి మాత్రమే పోతుంది, నిష్పత్తి 1.67, రెండు పరమాణువులుంటే భ్రమణం కూడా తోడై 1.40 అవుతుంది, మూడు లేదా అంతకన్నా ఎక్కువుంటే 1.3 దాపుల్లోకి గాని ఇంకా కిందికి గాని దిగుతుంది. 1876లో కుంట్, వార్‌బుర్గ్ పాదరసం ఆవిరికి 1.67 వస్తుందని చూపి, అది ఏకపరమాణుక వాయువని నిరూపించారు.

ఇరవై ఏళ్లు తిరగకముందే ఈ పద్ధతి పెద్ద వివాదాన్ని తేల్చింది. 1894లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు రేలీ, రామ్సే గాలిలో ఆర్గాన్ అనే కొత్త వాయువును కనుగొన్నారు. అది ఏ పదార్థంతోనూ చర్య జరపదు, కాబట్టి రసాయన పద్ధతుల్లో దాని పరమాణు భారం నిర్ణయించే దారి లేదు. సాంద్రత హైడ్రోజన్‌కు సుమారు 20 రెట్లు, అంటే అణుభారం 40. అణువులో ఒకే పరమాణువుంటే పరమాణు భారం 40 కావాలి, అప్పుడు ఆవర్తన పట్టికలో పొటాషియం కన్నా బరువైనది దానికి ముందు కూర్చోవలసి వస్తుంది. ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్ స్వయంగా ఈ కొత్త వాయువు మూడు నైట్రోజన్ పరమాణువుల కలయిక కావచ్చునని సూచించాడు. అలా అయితే ధ్వని వేగం నుంచి తేలే విశిష్టోష్ణాల నిష్పత్తి 1.3 ప్రాంతంలో రావాలి. గొట్టంలో కొలిస్తే 1.66కు దగ్గరగా వచ్చింది. దానితో ఆర్గాన్ ఏకపరమాణుక మూలకమని తేలింది, పట్టికకు కొత్త నిలువు వరుస అవసరమైంది. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలోనూ, రామ్సేకు రసాయనశాస్త్రంలోనూ నోబెల్ బహుమతులు వచ్చాయి.

ఇదే స్థిర తరంగాన్ని మంటలతో చూపించే పరికరాన్ని హైన్రిచ్ రూబెన్స్ 1905లో చూపాడు: పైన వరుసగా రంధ్రాలున్న గొట్టంలో మండే వాయువు నింపి వెలిగిస్తే, ధ్వని పంపినప్పుడు మంటల ఎత్తులు అలల వరుసలా మారతాయి. చూడటానికి ఎంతో బాగుంటుంది, కాని తరగతి గదిలో చేయదగిన పని కాదు.

10. వాయువులు కాంతి తరంగాలకు కూడా అనునదిస్తాయా?

అవును, ఇక్కడ పాత్ర అవసరం లేదు, అణువే కంపించే వస్తువు. కార్బన్ డయాక్సైడ్ అణువు వంగి లేచే కంపనం సెకనుకు సుమారు 20 లక్షల కోట్ల సార్లు జరుగుతుంది, దానికి సరిపోయే పరారుణ కాంతి తరంగదైర్ఘ్యం 15 మైక్రోమీటర్లు. భూమి వెలువరించే వేడిలో ఆ భాగాన్ని అది గ్రహిస్తుంది. నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల్లో రెండు పరమాణువులూ ఒకటే కావడంతో కంపించినా విద్యుదావేశంలో అసమతౌల్యం రాదు, కాబట్టి అవి పరారుణ కాంతిని దాదాపు పట్టించుకోవు. గాలిలో 99 శాతం ఉన్న ఈ రెండూ వేడిని అడ్డుకోకపోవడమూ, అతి కొద్దిగా ఉన్న కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అడ్డుకోవడమూ అందువల్లనే.

ధ్వని, కాంతి కలిసే చోటు కూడా ఒకటుంది. 1880లో అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆగి ఆగి పడే ఎండ వస్తువుల చేత శబ్దం చేయిస్తుందని గమనించాడు. మరుసటి ఏడాదికే టిండాల్, రాంట్‌జెన్ వాయువుల్లోనూ అది జరుగుతుందని చూపారు: అణువులు కాంతిని పీల్చి వేడెక్కుతాయి, కాంతి ఆగితే చల్లబడతాయి, పీడనం అదే లయలో ఎగిసి పడుతుంది. కాంతి ఆగే లయను పాత్ర అనునాదంతో సరిపోలిస్తే అతి స్వల్ప పరిమాణంలో ఉన్న వాయువును కూడా మైక్రోఫోన్‌తో పసిగట్టవచ్చు. నేటి వాయు విశ్లేషణ పరికరాల్లో ఈ పద్ధతి వాడుకలో ఉంది.

11. వేడి తనంతట తాను ధ్వనిగా మారగలదా?

మారగలదు. 1859లో లైడెన్‌లో పీటర్ రైకె రెండు కొసలూ తెరిచిన నిలువు గొట్టంలో, కింది నుంచి పావు వంతు ఎత్తులో తీగ వల అమర్చి ఎర్రగా కాల్చాడు. మంట తీసేశాక గొట్టం బిగ్గరగా మోగింది. పై మూతిని మూసినా, గొట్టాన్ని అడ్డంగా పట్టినా, గాలి ప్రవాహం ఆగి శబ్దం ఆగిపోయింది. 1878లో రేలీ దీనికి సాధారణ నియమం చెప్పాడు: గాలి సంపీడనమైన క్షణంలో దానికి వేడి అందితే కంపనం పెరుగుతుంది, విరళమైన క్షణంలో అందితే అణగిపోతుంది.

ఈ నియమం 1960లలో ప్రాణాంతక సమస్యగా ఎదురైంది. చంద్రుడి మీదికి మనుషులను తీసుకుపోయిన శాటర్న్ 5 రాకెట్‌లోని ఎఫ్-1 ఇంజన్ దహన గదిలో, ఇంధనం మండే తీరు గది అనునాదంతో జత కలిసి పీడన తరంగాలు అదుపు తప్పేవి, పరీక్షల్లో ఇంజన్లు ధ్వంసమయ్యాయి. ఇంధనం చిమ్మే పలక మీద అడ్డుగోడలు నిలిపి అరలుగా విభజించడం, చిమ్మే రంధ్రాల అమరిక మార్చడం ద్వారా చివరికి అదుపు చేశారు. నడుస్తున్న ఇంజన్ లోపల చిన్న పేలుడు జరిపి, ఆ కుదుపు సెకనులో స్వల్ప భాగంలో అణగిపోతుందో లేదో చూసి గాని ఇంజన్‌ను నమ్మలేదు.

12. దూరపు ఉరుము ఎందుకు మెత్తగా వినిపిస్తుంది?

గాలి హెచ్చు పౌనఃపున్యాలను ఎక్కువగా పీల్చేస్తుంది. 20 డిగ్రీల వద్ద 50 శాతం తేమ ఉన్న గాలిలో 1,000 హెర్ట్జ్ ధ్వని కిలోమీటరుకు సుమారు 5 డెసిబెల్‌లు కోల్పోతే, 10,000 హెర్ట్జ్ ధ్వని 150కి మించి కోల్పోతుంది. స్నిగ్ధత (గాలి పొరల మధ్య రాపిడి), ఉష్ణ వాహకత్వం కొంతవరకే కారణం. సంపీడనంలో అణువుకు అందిన శక్తిలో కొంత దాని అంతర్గత కంపనంలోకి పోయి, తిరిగి వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. ఆలస్యంగా తిరిగి వచ్చిన శక్తి తరంగానికి ఉపయోగపడదు. నీటి ఆవిరి ఆ ఆలస్యాన్ని మారుస్తుంది. అందువల్ల ఎండాకాలపు పొడి గాలిలో హెచ్చు స్వరాలు వర్షాకాలంలో కన్నా త్వరగా నశిస్తాయి.

13. భూమి వాతావరణం మొత్తం ఒకే పాత్రలా అనునదిస్తుందా?

ఈ ప్రశ్న భౌతికశాస్త్రవేత్తలను వందేళ్లు తిప్పింది. ఉష్ణమండలంలో, మన విశాఖపట్నంలో గాని హైదరాబాదులో గాని, నిశ్చలమైన వాతావరణంలో బారోమీటరు చూస్తే ఉదయం 10 గంటలకూ రాత్రి 10 గంటలకూ పీడనం హెచ్చుగా, మధ్యలో తెల్లవారుజాము 4, సాయంత్రం 4 ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. సూర్యుడు రోజుకు ఒక్కసారే వేడి చేస్తాడు, మరి రెండు పోట్లు ఎందుకు? 1882లో కెల్విన్, వాతావరణానికి 12 గంటల సహజ ఆవర్తన కాలం ఉండి ఉంటుందని, అందుకే సూర్యతాపంలోని చిన్న 12 గంటల భాగం ఇంత పెద్దదవుతోందని ఊహించాడు. అందమైన ఊహే, కాని రాకెట్లతో ఎగువ వాతావరణ ఉష్ణోగ్రతలు కొలిచాక అది నిలవలేదు. స్ట్రాటోస్ఫియర్‌లో ఓజోన్, దిగువన నీటి ఆవిరి సూర్యకాంతిని నేరుగా పీల్చడం వల్ల 12 గంటల పోటు పుడుతుంది. అది ఎత్తు వెంబడి ఒకే దశలో స్పందిస్తుంది. 24 గంటల స్పందన ఎత్తు మారే కొద్దీ దశ మారి తనను తాను చాలావరకు రద్దు చేసుకుంటుంది.

అయితే వాతావరణానికి అనునాద రీతులు ఉన్న మాట నిజమే. 2022 జనవరి 15న టోంగాలో హుంగా అగ్నిపర్వతం పేలినప్పుడు సెకనుకు 300 మీటర్లకు పైబడిన వేగంతో పీడన తరంగం భూమిని పలుమార్లు చుట్టి, ప్రపంచమంతటా బారోమీటర్లను కదిపింది. దానితో పాటు, 1937లో పెకెరిస్ సిద్ధాంతపరంగా ఊహించిన నెమ్మదైన రెండో రీతి కూడా ఆ కొలతల్లో బయటపడింది.

వాతావరణ తరంగాలను నిరంతరం గమనించే పెద్ద కేంద్రాల్లో ఒకటి తిరుపతి దగ్గర గాదంకిలో ఉంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు చెందిన అక్కడి రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపుతుంది. వాటి తరంగదైర్ఘ్యంలో సగం, అంటే సుమారు 2.8 మీటర్ల ఎడం ఉన్న గాలి అలజడుల నుంచి ప్రతిధ్వనులు ఒకే దశలో కలిసి తిరిగి వస్తాయి. వాటి ద్వారా వివిధ ఎత్తుల్లో గాలి వేగాన్ని, అందులోని తరంగాలను లెక్కిస్తారు.

14. ‘భూమి పౌనఃపున్యం 7.83 హెర్ట్జ్’ అంటారు. అది గాలి కంపనమా?

కాదు. అది భూమి ఉపరితలానికీ అయనావరణానికీ (విద్యుదావేశ కణాలున్న ఎగువ వాతావరణ పొరకు) మధ్య ఉన్న ఖాళీలో మెరుపులు రేపే విద్యుదయస్కాంత అనునాదం, 1952లో షూమన్ సిద్ధాంతీకరించినది. గాలి పీడనంతో దానికి సంబంధం లేదు.

15. గోల్కొండ కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపించడం అనునాదమేనా?

ప్రధానంగా కాదు. అనునాదం ఒక్కో పౌనఃపున్యాన్ని ఎన్నుకుని, నెమ్మదిగా పెంచి, కొంతసేపు నిలుపుతుంది. చప్పట్లు అన్ని పౌనఃపున్యాలూ కలిసిన క్షణికమైన ధ్వని. అది స్పష్టంగా, చప్పట్లుగానే పైకి చేరుతోందంటే గుమ్మటం వంపులు, రాతి గోడలు దాన్ని పరావర్తనం చేసి ఒక దిశకు మళ్లిస్తున్నాయని అర్థం.

16. ఇంట్లోనే అనునాద గొట్టం ప్రయోగం చేయవచ్చా? లెక్క సరిగ్గా రావాలంటే ఏం చూసుకోవాలి?

చేయవచ్చు. సుమారు 3 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 70 సెంటీమీటర్ల పొడవున్న పీవీసీ గొట్టం, లోతైన బకెట్ లేదా డ్రమ్ము, స్వరం పలికించే మొబైల్ యాప్ చాలు. గొట్టాన్ని నీటిలో ముంచి, పై మూతి దగ్గర 512 హెర్ట్జ్ స్వరం పెట్టి, గొట్టాన్ని నెమ్మదిగా పైకెత్తుతూ పోతే శబ్దం ఉన్నట్టుండి హెచ్చే మొదటి పొడవు 30 డిగ్రీల గదిలో సుమారు 16.1 సెంటీమీటర్లు, రెండోది సుమారు 50.2 సెంటీమీటర్లు ఉంటుంది.

మొదటి పొడవు ఒక్కదాన్నే నాలుగింతలు చేస్తే వేగం 330 మీటర్లే వస్తుంది. గొట్టం మూతి దగ్గర గాలి కంపనం అంచుతో ఆగకుండా, వ్యాసార్థానికి 0.6 రెట్ల దూరం బయటికి కూడా సాగడం ఇందుకు కారణం. 3 సెంటీమీటర్ల గొట్టానికి అది 0.9 సెంటీమీటర్లు. రెండు పొడవుల తేడా తీసుకుంటే ఈ అదనపు దూరం రెండింటిలోనూ ఉన్నందున రద్దవుతుంది: 34.1 సెంటీమీటర్లు అర తరంగదైర్ఘ్యం, దాన్ని రెట్టింపు చేసి 512తో గుణిస్తే సెకనుకు 349 మీటర్లు. ఉష్ణోగ్రతను గది గోడ మీది థర్మామీటరుతో కాక గొట్టం లోపలే కొలవడం మంచిది, ఎందుకంటే నీటికి పైన ఉన్న గాలి బయటి గాలి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండే అవకాశం ఉంది. ఆ తేడా ఒక్కటే ఫలితాన్ని ఒకటిన్నర మీటర్ల దాకా మారుస్తుంది.